గ్రహానికి గ్రహం: నిర్వాసిత జాతుల కోసం నక్షత్ర నౌక కట్టాలంటే

ఇలా ఊహించుకుందాం. మన గెలాక్సీలో ఎక్కడో నాలుగైదు జాతుల వాళ్లకు ఉండటానికి గ్రహం లేకుండా పోయింది. ఒకరి సూర్యుడు ముసలివాడై ఉబ్బిపోయాడు. ఇంకొకరి సముద్రాలు ఆవిరైపోయాయి. మరొకరిని యుద్ధం తరిమేసింది. వాళ్లందరినీ ఎక్కించుకుని కొత్త చోటుకు తీసుకెళ్లే ఒక మహా నౌక కావాలి. అది ఎంత పెద్దదిగా ఉండాలి? లోపల ఏముండాలి? అసలు అలాంటిది సాధ్యమేనా?

2025 సెప్టెంబర్ నాటికి నాసా లెక్కలో ధ్రువపడిన బయటి గ్రహాల (వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల) సంఖ్య 6,000 దాటింది. వాటిలో ఒక్కదాని మీద కూడా జీవం ఉన్నట్టు రుజువు దొరకలేదు. కాబట్టి గ్రహాంతరవాసులు ఇప్పటికి ఊహే. కానీ ఈ ప్రశ్నలో రెండు సంగతులు మాత్రం ఊహ కాదు. ఒకటి, అంతరిక్షంలో వేలమంది బతికే ఆవాసాలు ఎలా కట్టాలో ఇంజినీర్లు యాభై ఏళ్లుగా లెక్కలు వేస్తున్నారు. రెండోది, నిర్వాసితులు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12.3 కోట్ల మంది. వీళ్లను ఎలా బతికించాలి, బతికించే పేరుతో ఏమేం తప్పులు చేస్తాం అనే విషయంలో మనిషికి చాలా అనుభవం ఉంది. ఈ రెండు రకాల జ్ఞానాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నౌక బొమ్మే మారిపోతుంది.

నిర్వాసితులు అన్న మాట మనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం ముంపు గ్రామాలతో పాటు మన ఇళ్లలోకి వచ్చింది. "భూమికి భూమి" అనే డిమాండ్ కూడా అక్కడిదే. ఆ డిమాండ్‌లో ఉన్న చిక్కు ఏమిటో పాపికొండల కోయవాళ్లను, కొండరెడ్లను అడిగితే తెలుస్తుంది. ఎకరానికి ఎకరం కొలిచి ఇవ్వొచ్చు. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు ఎకరాల్లో కొలిచి ఇవ్వలేం. గ్రహానికి గ్రహం అన్నప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది, కాకపోతే అక్కడ గాలి దగ్గరే మొదలవుతుంది. అందుకే ఈ నౌక గురించి ఇంజన్ దగ్గర మొదలుపెట్టడం తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎక్కేవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

ఒకే చక్రం, ఎన్నో బరువులు

ముందుగా, మనం అనుకున్నంత కష్టం కాని విషయం ఒకటి చెబుతాను. గురుత్వాకర్షణ.

బరువు లేని స్థితిలో మనిషి ఎముకలు, కండరాలు కరిగిపోతాయని అంతరిక్ష కేంద్రంలో ఉండి వచ్చినవాళ్లను చూస్తే తెలుస్తుంది. తరతరాలు బతకాలంటే బరువు కావాలి. దానికి మందు చాలా పాతది: నౌకను గుండ్రంగా కట్టి తిప్పడం. బకెట్‌లో నీళ్లు పోసి గిరగిరా తిప్పితే నీళ్లు కింద పడవు కదా, అదే సూత్రం. 1975 వేసవిలో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కలిసి చేసిన అధ్యయనంలో 10,000 మంది ఉండే ఒక చక్రాన్ని డిజైన్ చేశారు. దాన్నే స్టాన్‌ఫర్డ్ టోరస్ అంటారు. సైకిల్ ట్యూబ్ ఆకారం, దాదాపు 1.8 కిలోమీటర్ల వ్యాసం. నిమిషానికి ఒక్కసారి తిరిగితే చాలు, ట్యూబ్ లోపల నిలబడ్డ మనిషికి భూమ్మీద ఉన్నంత బరువే ఉంటుంది. అంతకు ముందు ఏడాదే ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జెరార్డ్ ఓనీల్ కిలోమీటర్ల పొడవున్న సిలిండర్ల లెక్కలు ప్రచురించాడు. వాటిలో నదులు, కొండలు, మబ్బులు కూడా ఉండొచ్చన్నాడు.

ఈ డిజైన్లన్నీ ఒక్క జాతి కోసం, అంటే మనిషి కోసం వేసినవి. కానీ తిరిగే చక్రానికి ఒక మంచి గుణం ఉంది. అంచు నుంచి ఇరుసు వైపు వచ్చేకొద్దీ బరువు తగ్గుతుంది. నిమిషానికి ఒక చుట్టు తిరిగే నౌకలో ఇరుసు నుంచి సుమారు 890 మీటర్ల దూరాన భూమి గురుత్వం ఉంటుంది. 340 మీటర్ల దగ్గర అంగారకుడి బరువు, 150 మీటర్ల దగ్గర చంద్రుడి బరువు. భూమికి ఒకటిన్నర రెట్లు బరువైన గ్రహం నుంచి వచ్చినవాళ్లుంటే చక్రాన్ని 1,340 మీటర్ల దాకా పెంచి, వాళ్లకు బయటి అంతస్తు ఇవ్వాలి. అంటే ఒకే నౌక, ఒకే వేగం, అంతస్తుకో గ్రహం. బరువు విషయంలో నాలుగు జాతులకు నాలుగు నౌకలు అక్కర్లేదు.

మిగతా విషయాల్లో ఇంత సులువుగా ఉండదు.

గోడకు అటూ ఇటూ

గాలి సంగతే చూడండి. మనకు ఆక్సిజన్ ప్రాణం. కానీ భూమ్మీద దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ గాలిలో పోగుపడటం మొదలైనప్పుడు, అప్పటికే ఉన్న ఎన్నో సూక్ష్మజీవులకు అది విషమైంది. వాటి వారసులు ఇప్పటికీ ఆక్సిజన్ తగలని బురదలో, మన పేగుల్లో దాక్కుని బతుకుతున్నాయి. 1977లో గాలాపాగోస్ దగ్గర సముద్రగర్భంలో దొరికిన పొడవాటి గొట్టపు పురుగులు తమ లోపలి బ్యాక్టీరియా సాయంతో హైడ్రోజన్ సల్ఫైడ్ మీద బతుకుతాయి. అది మనల్ని చంపే వాయువు. ఒకే గ్రహం మీద పుట్టినవాళ్లే ఒకే గదిలో ఉండలేనప్పుడు వేరు వేరు నక్షత్రాల కింద పుట్టినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఆక్సిజనే పీల్చే రెండు జాతులున్నా సమస్య తీరదు. ఒకరికి 20 శాతం చాలు, ఇంకొకరికి 40 కావాలి అనుకుందాం. ఆ రెండో గదిలో నిప్పురవ్వ పడితే ఆపడం కష్టం. 1967 జనవరి 27న అపోలో 1 క్యాబిన్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి పరీక్ష చేస్తుండగా నిప్పంటుకుంది. లోపలున్న ముగ్గురు వ్యోమగాములూ చనిపోయారు. ఒకరి ఊపిరి పక్కవాడికి అగ్ని ప్రమాదం అవుతుందంటే ఆ నౌకలో గోడలు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. శని ఉపగ్రహం టైటాన్ లాంటి చోటు నుంచి, మైనస్ 179 డిగ్రీల మీథేన్ సరస్సుల దగ్గర నుంచి ఎవరైనా వస్తే, వాళ్ల ఇంటి గోడకు ఇటువైపు మన వంటగది ఉండటం వాళ్లకే ప్రాణాంతకం.

తిండి ఇంకా విచిత్రమైన విషయం. మన శరీరంలోని ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలకు ఎడమ చేతి వాటం ఉంటుంది, చక్కెరలకు కుడి చేతి వాటం. భూమ్మీద జీవులన్నిటిదీ ఇదే వాటం. అందుకే మనం తిన్న పప్పు మన ఒంట్లో కండ అవుతోంది. వేరే చోట పుట్టిన జీవం అద్దంలో బొమ్మలా తిరగబడిన వాటంతో ఉండొచ్చు. అప్పుడు వాళ్ల పంట మనకు కడుపు నింపినా బలం ఇవ్వదు, మన పంట వాళ్లకూ అంతే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తిరగబడిన వాటం ఉన్న బ్యాక్టీరియాను ప్రయోగశాలలో తయారు చేయొద్దని 2024 డిసెంబర్‌లో 38 మంది శాస్త్రవేత్తలు హెచ్చరించారు. మన రోగనిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపట్టలేకపోవచ్చన్నది వాళ్ల భయం. నౌకలో పక్కింటివాళ్ల మట్టిలోని సూక్ష్మజీవి విషయంలో కూడా ఇదే భయం ఉంటుంది.

కాబట్టి ఇలాంటి నౌక నిజానికి ఒక్క నౌక కాదు. ఒకే ఇరుసుకు తగిలించిన నాలుగు మూసిన ప్రపంచాలు. ఎవరి గాలి వాళ్లది, ఎవరి మట్టి వాళ్లది. కలుసుకోవడానికి గాజు గోడలున్న ఒక వీధి. కలిపి ఉంచగలిగేది ఇరుసు, కరెంటు, బయటి కవచం, చట్టం.

ఎనిమిది మంది, రెండేళ్లు, ఒక గాజు ఇల్లు

మూసిన ప్రపంచం ఒక్కటి నడపడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఎందుకంటే చేసి చూశాం.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒరాకిల్ అనే ఊరి దగ్గర బయోస్ఫియర్ 2 కట్టారు. మూడెకరాల పైచిలుకు గాజు కప్పు కింద చిన్న వర్షారణ్యం, చిన్న సముద్రం, ఎడారి, పొలం. 1991 సెప్టెంబర్ 26న ఎనిమిది మంది లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు. రెండేళ్ల తర్వాత బయటికి వచ్చారు. ఆ రెండేళ్లలో జరిగినవి నౌక కట్టాలనుకునే ప్రతి ఒక్కరూ చదవాలి.

ముందు ఆక్సిజన్ తగ్గడం మొదలైంది. 20.9 శాతం ఉండాల్సింది 16 నెలల్లో దాదాపు 14 శాతానికి పడిపోయింది. నాలుగు వేల మీటర్ల ఎత్తున కొండ మీద ఉన్నట్టు అయింది వాళ్ల పరిస్థితి. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టదు. చివరికి బయట నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. కారణం వెతికితే రెండు తేలాయి. పంటలు బాగా పండాలని ఎరువు దండిగా ఉన్న మట్టి వేశారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మొక్కలు ఆ కార్బన్ డయాక్సైడ్ తీసుకుని తిరిగి ఆక్సిజన్ ఇవ్వాలి కదా? ఇవ్వలేదు, ఎందుకంటే దాన్ని మధ్యలో కాంక్రీటు గోడలు పీల్చేసుకున్నాయి. కాంక్రీటులోని సున్నం దాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేసింది. అంటే వాళ్లు పీల్చాల్సిన ఆక్సిజన్ గోడల్లో రాయిగా మారి కూర్చుంది. కట్టినవాళ్లు అడవిని లెక్కలోకి తీసుకున్నారు, మట్టిని లెక్కలోకి తీసుకున్నారు, గోడను మర్చిపోయారు.

పరాగ సంపర్కం చేసే పురుగులు చాలావరకు చచ్చిపోయాయి. బొద్దింకలు, చీమలు మాత్రం విపరీతంగా పెరిగాయి. ఎనిమిది మందీ బరువు తగ్గారు, ఆకలి మీద కాలం గడిపారు. వాళ్లలో వాళ్లకు పడక నలుగురు ఒక వైపు, నలుగురు ఇంకో వైపు అయ్యారు. వాళ్లంతా కోరి వెళ్లినవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు, గాజుకు అవతల మొత్తం భూమి ఉన్నవాళ్లు అని గుర్తుంచుకోవాలి.

చిన్న విజయాలు కూడా ఉన్నాయి. సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో బయోస్-3 అనే మూసిన గదుల్లో 1970ల్లోనే 180 రోజుల ప్రయోగం చేశారు. చైనాలో బేహాంగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చంద్ర భవనం అనే ఆవాసంలో విడతలవారీగా 370 రోజులు గడిపి 2018 మేలో బయటికి వచ్చారు. అంతరిక్ష కేంద్రంలో నీటి పునర్వినియోగం 2023లో 98 శాతానికి చేరింది. మూత్రం, చెమట, ఊపిరిలోని తడి అన్నీ మళ్లీ తాగే నీళ్లవుతున్నాయి. కానీ మిగిలిన ఆ రెండు శాతం సంగతి చూడండి. ఒకే నీటిని మళ్లీ మళ్లీ తిప్పితే, ఒక్కో తిప్పుకు రెండు శాతం పోతూ ఉంటే, 35 తిప్పుల్లో సగం నీళ్లు మాయమవుతాయి. భూమి దగ్గర ఉన్నంతకాలం సరఫరా నౌక వస్తుంది. నక్షత్రాల మధ్య ఎవరూ రారు.

దూరం, కరెంటు బిల్లు

ఇప్పుడు ఇంజన్ గురించి. మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1977లో బయల్దేరిన నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో ప్రాక్సిమా చేరడానికి దాదాపు 75,000 ఏళ్లు పడుతుంది.

వేగం పెంచొచ్చు. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973 నుంచి 1978 దాకా ప్రాజెక్ట్ డీడాలస్ పేరుతో లెక్కలు వేసింది. కేంద్రక సంలీనంతో, అంటే సూర్యుడిలో జరిగేలా తేలిక అణు కేంద్రకాలను కలిపి పుట్టించే శక్తితో నడిచే, మనుషులు లేని నౌక. కాంతి వేగంలో 12 శాతం. మొత్తం 54,000 టన్నుల బరువులో 50,000 టన్నులు ఇంధనమే. అందులో వాడే హీలియం-3 కోసం గురుగ్రహం వాతావరణాన్ని తవ్వాలి. ఇన్ని చేసినా ఆ నౌకకు బ్రేకు లేదు. నక్షత్రం పక్కనుంచి దూసుకుపోతూ ఫొటోలు తీయడమే దాని పని. నిర్వాసితులను తీసుకెళ్లే నౌకకు అలా కుదరదు, ఆగాలి.

కాంతి వేగంలో ఒక్క శాతమే అనుకుందాం. ప్రయాణం 424 ఏళ్లు. ఒక్క కిలో బరువును ఆ వేగానికి తేవడానికి కనీసం పన్నెండున్నర లక్షల యూనిట్ల కరెంటు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది 520 ఏళ్లు సరిపోతుంది. ఇక స్టాన్‌ఫర్డ్ చక్రం బరువెంత? కాస్మిక్ కిరణాలు ఆపడానికి చదరపు మీటరుకు నాలుగున్నర టన్నుల చంద్రుడి మట్టిని కవచంగా కప్పాలన్నారు. దాంతో మొత్తం బరువు కోటి టన్నులకు చేరుతుంది. ఆ కోటి టన్నులను ఒక శాతం వేగానికి తేవాలంటే, ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి వాడే శక్తికి 75 రెట్లు కావాలి. ఆపడానికి మళ్లీ అంత. ఇదంతా ఇంజన్‌లో ఒక్క జౌల్ కూడా వృథా కాకపోతేనే. దారిలో ఒక మిల్లీగ్రాము ధూళికణం తగిలినా ఆ వేగంలో అది కిలో టీఎన్‌టీ పేలుడు పదార్థం పేలినంత దెబ్బ.

దారిలో సూర్యుడు ఉండడు కాబట్టి పంటకు దీపాలే ఎండ. స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మారాన్ బృందం 500 మందికి తిండి పండించడానికి 0.45 చదరపు కిలోమీటర్లు కావాలని లెక్క తేల్చింది. అంటే మనిషికి 900 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 200 వాట్ల దీపాలు అనుకుంటే పదివేల మందికి 1,800 మెగావాట్లు. విశాఖ దగ్గర పరవాడలో ఉన్న సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంత పెద్ద ప్లాంటును నాలుగు శతాబ్దాల పాటు ఆపకుండా నడిపితేగాని ఒక జాతికి అన్నం రాదు. ఆ వేడినంతా తిరిగి శూన్యంలోకి వదిలే రేడియేటర్లు మళ్లీ అదనం.

ఎంతమంది, ఎవరు

ఈ అంకెలు చూశాక ఇంజినీర్లు సహజంగానే అడిగే ప్రశ్న: ఎంత తక్కువ మందితో సరిపెట్టొచ్చు?

ఇదే మారాన్ బృందం 2018లో కంప్యూటర్ లెక్కలు వేసి 6,300 ఏళ్ల ప్రయాణానికి జన్యుపరంగా 98 మందితో మొదలుపెట్టినా సరిపోతుందని చెప్పింది. సంతానాన్ని కఠినంగా నియంత్రిస్తే అన్నది షరతు. అంతకు ముందు 2014లో మానవ శాస్త్రవేత్త క్యామెరాన్ స్మిత్ 14,000 నుంచి 44,000 మంది ఉండాలన్నాడు. అంటువ్యాధులు, ప్రమాదాలు వస్తాయి, అప్పుడు కూడా జాతి నిలబడాలి కాబట్టి. నేను స్మిత్ వైపే ఉంటాను, కానీ నా కారణం వేరు. నిర్వాసితుల విషయంలో 98 అనే అంకె వినగానే వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆ 98 మందిని ఎవరు ఎంచుతారు? మిగతావాళ్లకు ఏం చెబుతారు?

ఇప్పటిదాకా వేసిన నక్షత్ర నౌకల డిజైన్లు దాదాపు అన్నీ కోరి వెళ్లేవాళ్ల కోసం వేసినవి. 2024 నవంబర్‌లో ప్రాజెక్ట్ హైపీరియన్ అనే పోటీ ప్రకటించారు. తరతరాల ప్రయాణానికి నౌక డిజైన్ చేయమన్నారు. 2025లో గెలిచిన క్రిసాలిస్ డిజైన్ పొడవు 58 కిలోమీటర్లు. ఒకదాని లోపల ఒకటి పొరలుగా ఊళ్లు, పొలాలు, అడవులు, 2,400 మంది దాకా జనం, సుమారు 400 ఏళ్ల ప్రయాణం. చాలా శ్రద్ధగా చేసిన పని అది. అందులో ఒక మాట నన్ను ఆపేసింది. ప్రయాణానికి ముందు మొదటి తరాలవాళ్లు అంటార్కిటికాలో 70, 80 ఏళ్లు ఏకాంతంగా బతికి మానసికంగా సిద్ధం కావాలి. కోరి వెళ్లేవాళ్లకు ఇది మంచి ఆలోచనే. ఇల్లు మునిగిపోతున్నవాళ్లకు ఎనభై ఏళ్లు ఎవరిస్తారు? వాళ్లు చంకలో బిడ్డతో, చేతిలో మూటతో, ముసలివాళ్లతో, రోగులతో, నిన్నటిదాకా తమతో యుద్ధం చేసినవాళ్లతో సహా వస్తారు. ఆ నౌకలో ఆసుపత్రి పెద్దదిగా ఉండాలి, శ్మశానం కూడా ఉండాలి. ఎవరి పద్ధతిలో వాళ్లు సాగనంపుకునే చోట్లు కావాలి. శవాన్ని పూడ్చేవాళ్లు, కాల్చేవాళ్లు, రెండూ చేయనివాళ్లు ఉంటారు, మూసిన ప్రపంచంలో ప్రతి కార్బన్ అణువూ లెక్కే.

భూమ్మీద శిబిరాలు నడిపేవాళ్లకు స్ఫియర్ ప్రమాణాలని ఒక కొలత ఉంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, దారులూ ఖాళీ స్థలాలూ కలిపి శిబిరంలో 45 చదరపు మీటర్లు. స్టాన్‌ఫర్డ్ చక్రంలో ఇచ్చింది మనిషికి 67. మొదటిసారి ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు గుండె జారింది. అందమైన రంగుల బొమ్మల్లో చూపించిన ఆ అంతరిక్ష నగరం, స్థలం విషయంలో శరణార్థి శిబిరానికి ఒకటిన్నర రెట్లే.

శిబిరం తాత్కాలికం అనుకుని వేస్తారు. కెన్యాలోని దదాబ్ శిబిరాలు 1991లో సోమాలియా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన 90,000 మంది కోసం వేసినవి. 2011 కరువు నాటికి అక్కడ నాలుగు లక్షల పైన జనం. అక్కడ పుట్టినవాళ్లకు అక్కడే పిల్లలు పుట్టారు. వాళ్లకు సోమాలియా అంటే అమ్మమ్మ చెప్పే కథ. నౌకలో కూడా రెండో తరానికే అంతే. 424 ఏళ్లంటే సుమారు పదిహేడు తరాలు. అన్నేళ్ల కిందట గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్నారు, చార్మినార్ కట్టి పదేళ్లు. అప్పటివాళ్లు మన తరఫున ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే మనం దానికి ఎంతవరకు కట్టుబడతాం?

ఇంత కాలంలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అనేదానికి మన దగ్గర ఒక ఆధారం ఉంది. 1830ల నుంచి కోరంగి లాంటి రేవుల మీదుగా తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. అక్కడ వాళ్లను చాలాకాలం కోరంగీలు అనే పిలిచారు. ఏడెనిమిది తరాల తర్వాత వాళ్ల వారసుల ఇళ్లలో మాట్లాడే భాష క్రియోల్ అయింది. కానీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. రామ భజనలు నిలిచాయి, ఇంటిపేర్లు చాలావరకు నిలిచాయి. భాష పోయినా పండగ నిలబడింది. అంటే నౌకలో క్యాలెండర్ చిన్న విషయం కాదు. ఒక జాతి రోజు 24 గంటలు, ఇంకొకరిది 37 గంటలు అయితే అందరికీ ఒకే గడియారం పెడదామనే ప్రతిపాదన వస్తుంది. 2004లో అంగారక రోవర్లను నడిపిన నాసా బృందాలు అక్కడి రోజు ప్రకారం, మన రోజు కంటే 40 నిమిషాలు ఎక్కువగా బతికి చూశాయి. ఆ చిన్న తేడాకే అలిసిపోయారు. ఎవరి దీపాలు వాళ్ల పాత సూర్యుడి లెక్కనే వెలగాలి, ఆరాలి. కరెంటు కొంచెం ఎక్కువైనా సరే.

చట్టం విషయం కూడా తేలాలి. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం హింసకు భయపడి దేశం దాటినవాడే శరణార్థి. సూర్యుడు ఉబ్బిపోయి ఇల్లు పోగొట్టుకున్నవాడు ఆ నిర్వచనంలోకి రాడు, సముద్రం ముంచేసినవాడూ రాడు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం నౌక మీద అధికారం దాన్ని నమోదు చేసిన దేశానిది. ఆ దేశం ఉన్న గ్రహమే లేకపోతే? పసిఫిక్‌లో మునిగిపోతున్న తువాలు దీవులు ఈ ప్రశ్నకు 2023లో తమ జవాబు రాసుకున్నాయి. భూభాగం పోయినా తమ రాజ్యం శాశ్వతంగా కొనసాగుతుందని రాజ్యాంగం సవరించుకున్నాయి. పదకొండు వేల మంది ఉన్న దేశం చేసిన ఆ సవరణ, నేల లేని రాజ్యం అనే భావనకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే ధైర్యమైన ప్రయత్నం. నౌక ఎక్కే ప్రతి జాతీ అలా తన రాజ్యంగా ఎక్కాలి. ఎవరో నడిపే నౌకలో టోకెన్ నంబరుగా ఎక్కకూడదు.

అసలు వెళ్లాలా?

ఈ లెక్కలన్నీ చేశాక నాకు తేలింది ఇది. నాలుగు శతాబ్దాలు నడిచే మూసిన ప్రపంచాన్ని కట్టగలిగినవాళ్లకు గ్రహం అవసరమే లేదు. ఓనీల్ చెప్పింది దాదాపు ఇదే: పరిశ్రమలు పెంచుకుంటూ పోయే నాగరికతకు గ్రహం ఉపరితలమే సరైన చోటా అని అడిగి, కాదన్నాడు. ప్రయాణం తీసేస్తే ప్రపంచపు 150 ఏళ్ల శక్తి మిగులుతుంది. సూర్యుడి దగ్గర ఉంటే దీపాలు అక్కర్లేదు, పంటకు ఎండ ఉచితం. గ్రహశకలాల్లో నీళ్లు, ఇనుము దొరుకుతాయి, కాబట్టి పోయిన రెండు శాతం పూడుతుంది. గ్రహం పోయి సూర్యుడు మిగిలిన జాతులకు నౌక కంటే ద్వీపం లాంటి ఆవాసం మేలు. తమ సూర్యుడి చుట్టూ, తమ పాత గ్రహం కనిపించే దూరంలో. సూర్యుడే పోతున్నవాళ్లు మాత్రమే కదలాలి.

చేరే చోటు ఖాళీగా ఉంటుందన్న హామీ కూడా లేదు. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు కొరాపుట్, బస్తర్ అడవులను ఖాళీ నేల అనుకున్నారు. అక్కడ ఆదివాసులు ఉన్నారు. వచ్చినవాళ్లు నదుల మధ్య వరి, చేపల మీద బతికినవాళ్లు, ఇచ్చింది నీళ్లు లేని రాతి నేల. 1978లో వాళ్లలో వేలమంది ఆ కాలనీలు వదిలి సుందరబన్ల వైపు వెళ్లిపోయారు.

ఎవరి కోసం కడుతున్నామో వాళ్లను అడగకుండా కడితే ఏమవుతుందో పసిఫిక్‌లోని బికినీ దీవుల వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 1946లో అమెరికా అణు పరీక్షల కోసం అక్కడి 167 మందిని తాత్కాలికంగా అంటూ రోంగెరిక్ దీవులకు తరలించింది. రెండేళ్లలో వాళ్లు ఆకలితో చిక్కిపోయారు. 1948లో కిలీ అనే ఒంటరి దీవికి మార్చారు. కిలీకి లగూన్ లేదు, అంటే అలలు లేని లోపలి సముద్రం లేదు. ఏడాదిలో చాలా నెలలు పడవ దించడానికి కుదరదు. చేపలు పట్టడంలో, పడవ నడపడంలో ఆరితేరిన జనం డబ్బాల్లో వచ్చే తిండి మీద ఆధారపడ్డారు. 1970ల్లో కొందరిని వెనక్కి తీసుకెళ్లారు. ఒంట్లో రేడియోధార్మిక సీసియం పేరుకుపోతోందని తెలిసి 1978లో మళ్లీ ఖాళీ చేయించారు.

బికినీ ప్రజలకు ఒక జెండా ఉంది. అమెరికా జెండాలాగే ఉంటుంది, అమెరికా తమకు పడిన బాకీ గుర్తు చేయడానికి. నీలి గడిలో 23 తెల్ల నక్షత్రాలు, బికినీలోని దీవులు అవి. కుడివైపు పైన మూడు నల్ల నక్షత్రాలు, 1954 మార్చి 1న అమెరికా పరీక్షించిన బ్రావో అనే హైడ్రోజన్ బాంబుకు ఆవిరైపోయిన మూడు దీవులు. కింద మూలన ఇంకో రెండు నల్ల నక్షత్రాలు. ఒకటి కిలీ, ఒకటి ఎజిత్, వాళ్లు ఇప్పుడు ఉంటున్న దీవులు. తెల్ల నక్షత్రాలకు ఎంత దూరంలో ఉన్నారో తెలిసేలా వాటిని జెండాకు ఆ చివర పెట్టుకున్నారు.